ఇంగ్లీషు పరుగు, తెలుగు నడక

‘రన్నింగ్‌లో ఉన్న టిఫిన్ సెంటర్ అమ్మబడును.’ వర్గీకృత ప్రకటనల పేజీ తిప్పితే ఇలాంటిది ఒకటి తగలకుండా పోదు. పొయ్యి, పెనం, ఇడ్లీ పాత్ర, నాలుగు బల్లలు... వీటిలో ఏదీ అంగుళం కదలదు. అయినా ఆ టిఫిన్ సెంటర్ రన్నింగ్‌లో ఉందంటే చదివినవాళ్ళెవరూ ఆశ్చర్యపోరు. కింద ఇంకో ప్రకటనలో పాత కారు ‘గుడ్ రన్నింగ్ కండిషన్‌’లో ఉంటుంది. కిటికీ గ్రిల్ చేసే మేస్త్రి ధర రన్నింగ్ ఫుట్టుకి చెబుతాడు. కాంట్రాక్టరు పని సగంలో ఉండగానే రన్నింగ్ బిల్లు పెడతాడు. పరీక్షలు దగ్గరపడితే పిల్లలు క్లాసులో రాసుకున్న రన్నింగ్ నోట్స్ వెతుక్కుంటారు. విజయవాడ, కాజీపేట లాంటి జంక్షన్లలో రైలు డ్రైవర్లు, గార్డులు డ్యూటీ దిగాక ఒళ్ళెరగకుండా నిద్రపోయే చోటును రైల్వే వాళ్ళు రన్నింగ్ రూమ్ అంటారు.

రన్. మూడే అక్షరాల ఇంగ్లీషు మాట. ఒకటో తరగతి పిల్లలకు ‘పరుగెత్తు’ అని ఒక్క అర్థం చెప్పి పంపించేస్తాం. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వాళ్ళు మాత్రం ఈ మాటను కొత్తగా పరిష్కరించుకుని చూస్తే, 2011 నాటికి క్రియారూపంలోనే 645 అర్థాలు తేలాయి. ఇంగ్లీషులో మరే మాటకూ అన్ని లెక్కకు రాలేదు. ఈ ఒక్క పదాన్నీ ఒక కొలిక్కి తేవడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టింది.

పెద్ద మాటలకు పెద్ద అర్థసంపద ఉంటుందనుకుంటాం. ఉండదు. కిరణజన్య సంయోగక్రియకు ఒకటే అర్థం, అదీ సైన్సు పుస్తకం దాటి బయటికి రాదు. రోజుకు వందసార్లు నోట్లో నలిగే చిన్న మాటలే అర్థాలు పోగేసుకుంటాయి. ఎక్కువగా వాడే మాటకు ఎక్కువ అర్థాలు ఉంటాయని జార్జ్ జిఫ్ అనే అమెరికన్ పండితుడు 1945లో లెక్కలు కట్టి మరీ చూపించాడు. అంతకు ముందే, 1897లో, మిషెల్ బ్రెయాల్ అనే ఫ్రెంచి భాషావేత్త ఒకే మాటకు పలు అర్థాలు ఉండటానికి ‘పాలిసెమీ’ అని పేరు పెట్టాడు. మనకు ఆ పేరు అప్పటికే ఉంది, నానార్థం.

సెట్‌ను దాటిన రన్

ఇరవయ్యో శతాబ్దమంతా ఈ కిరీటం ‘సెట్‌’ది. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ రెండో కూర్పులో సెట్‌కు దాదాపు 430 అర్థాలు. ఆ ఒక్క ఆరోపం (నిఘంటువులో ఒక మాట కింద రాసే పద్దు) నిడివి 60 వేల మాటలు, అంటే ఒక మోస్తరు నవల. అంతకు ముందు, 1755లో శామ్యూల్ జాన్సన్ ఒంటిచేత్తో తీర్చిన నిఘంటువులో ‘టేక్‌’కు ఆయన 130కి పైగా అర్థాలు చెప్పాడు.

ఆక్స్‌ఫర్డ్ మూడో కూర్పు పని అక్షరక్రమంలో మొదటి నుంచి కాక ‘ఎమ్‌’ దగ్గర మొదలైంది. 2000లో కొత్తగా తీర్చిన ‘మేక్’ వచ్చి సెట్‌ను దాటేసింది. 2007లో ‘పుట్’ దాన్ని దాటింది. 2011లో రన్ అన్నింటినీ వెనక్కి నెట్టేసింది. నాలుగూ ఇంటిపని మాటలే: పెట్టడం, చెయ్యడం, ఉంచడం, పరుగెత్తడం. పండితుల మాట ఒక్కటీ ఈ పోటీలో దరిదాపులకు రాలేదు.

ఇంతకీ 645 అనేది ఎవరో కూర్చుని ఊహించి రాసిన సంఖ్య కాదు. దాని వెనక చీటీలున్నాయి. 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీ ఒక నిఘంటువు కావాలనుకుంది, తర్వాత ఆక్స్‌ఫర్డ్ నిఘంటువైంది అదే. 1879లో ఆ బరువు జేమ్స్ మర్రే మీద పడింది. పద్నాలుగో ఏట బడి మానేసి, సొంతంగా భాషలు నేర్చుకుని, ఒక బ్యాంకులో గుమాస్తాగా కూడా పనిచేసిన స్కాట్లండ్ మనిషి ఆయన. ఇంటి ఆవరణలో ఇనుప రేకుల షెడ్డు వేయించి, దానికి స్క్రిప్టోరియం అని గంభీరమైన పేరు పెట్టి, గోడల నిండా గూళ్ళు కట్టించాడు. పుస్తకాలు చదివి, వాటిలో ఒక్కో మాట ఎలా వాడారో ఒక్కో చీటీ మీద వాక్యంతో సహా ఎక్కించి పంపమని ఇంగ్లీషు చదివే లోకాన్నంతా అడిగాడు.

చీటీలు వచ్చాయి, లక్షల్లో. ఆయన పగ్గాలు పట్టేనాటికే గోతాల కొద్దీ పాత చీటీలు ఊళ్ళూ దేశాలూ పట్టి తిరుగుతున్నాయి. ఒక గోతంలో చచ్చిన ఎలుక దొరికింది. ‘హెచ్’ అక్షరం మొత్తం ఇటలీలోని ఫ్లారెన్సులో తేలింది. ‘పీ-ఏ’తో మొదలయ్యే మాటల్లో కొన్ని ఐర్లండులో ఒక గుర్రాలశాలలో దొరికాయి, మిగతావి అప్పటికే పొయ్యి రాజెయ్యడానికి వాడేశారు. మర్రే పదకొండుమంది పిల్లలూ పాకెట్ మనీ కోసం ఈ చీటీలను అక్షరక్రమంలో పేరుస్తూనే పెద్దవాళ్ళయ్యారు. మతి చలించి ఒక మనిషిని కాల్చి చంపి, బ్రాడ్‌మూర్ ఆస్పత్రిలో బందీగా ఉన్న అమెరికన్ సైనిక వైద్యుడు మైనర్, తన గదిలోంచి వేల ప్రయోగాలు ఏరి పంపాడు. ఆయన కథ తర్వాత పుస్తకమైంది, సినిమా అయింది. మర్రే ఇంటికి వచ్చిపోయే ఉత్తరాల తాకిడికి ఆక్స్‌ఫర్డ్‌లో ఆ ఇంటి ముందే తపాలా శాఖ ఒక ఎర్ర డబ్బా పాతించింది. పదేళ్ళలో అయిపోతుందనుకున్న పని 1928లో గానీ అవ్వలేదు. మర్రే 1915లోనే పోయాడు. రన్ ఉన్న ఆర్ అక్షరం బాధ్యత విలియం క్రెయిగీ అనే సంపాదకుడు మోశాడు.

అర్థం తేల్చే పద్ధతి చెబితే చాలా మామూలుగా అనిపిస్తుంది. ఒక మాట తాలూకు చీటీలన్నీ బల్ల మీద పరిచి కుప్పలు వేస్తారు. మనిషి పరుగెత్తే వాక్యాలు ఒక కుప్ప. ఏరు పారే వాక్యాలు ఒకటి. ముక్కు కారేవి వేరు, ఉతికితే రంగు దిగేవి వేరు, మేజోడు దారం లేచి చీలిక సాగేవి వేరు. దుకాణం నడిపేవి, ఎన్నికల్లో పోటీ చేసేవి, గీత ఒక చివర నుంచి ఇంకో చివరకు సాగేవి... తర్వాత ప్రతి కుప్పలోనూ తేదీల వారీగా పేర్చి, ఏది ముందు పుట్టింది, ఏది దేనిలోంచి చీలింది అని చూస్తారు. తంటా అంతా ఏ కుప్పలోనూ ఇమడని చీటీలతోనే. వాటికి కొత్త కుప్ప పెట్టాలా, పక్కదానిలో కలిపెయ్యాలా? 645లో కొన్నింటిని ఇంకో సంపాదకుడైతే కలిపేసేవాడు. కాబట్టి ఆ అంకెను తూకపురాయి బరువులా తీసుకోనక్కర్లేదు. ఒక మాట ఎన్ని ఇళ్ళల్లో తిరిగిందో చూపించడానికి చాలు.

యంత్రం వచ్చి పరుగు నేర్పింది

రన్ ఎందుకు గెలిచింది? మైనర్ కథను పుస్తకంగా రాసిన సైమన్ వించెస్టర్ దీన్ని పారిశ్రామిక విప్లవంతో ముడిపెట్టాడు. నాకూ అది సబబుగానే తోస్తుంది. రైలు వచ్చింది, దాన్ని ఇంగ్లీషువాడు రన్ అన్నాడు. మరమగ్గం, ఆవిరి యంత్రం, గడియారం, మోటారు అన్నీ అదే మాట కిందికి వచ్చాయి. యంత్రం ఉన్నచోటే ఉండి ‘పరుగెత్తడం’ ఒకసారి నాలుకకు అలవాటయ్యాక, యంత్రంలా క్రమం తప్పకుండా సాగేదేదైనా రన్ అయింది. ఫ్యాక్టరీ, కంపెనీ, ప్రభుత్వం, బడి, పత్రికలో కథ, థియేటర్లో నాటకం, చివరికి కంప్యూటర్లో ప్రోగ్రాము. ‘సెట్’ అంటే కదలకుండా ఉంచడం, ‘రన్’ కదిలేది. రెండు వందల ఏళ్ళుగా లోకం ఎటు మొగ్గిందో ఈ రెండు మాటల పోటీలో కనిపిస్తుంది.

కాళ్ళతో పని లేని పరుగుల్లో నాకు బాగా నచ్చేది క్రికెట్‌ది. మొదట్లో పరుగులను ‘నాచ్’ అనేవారు, అంటే కర్ర మీద కత్తితో పెట్టే గాటు. లెక్క రాసేవాడు కర్ర పట్టుకుని కూర్చుని పరుగుకో గాటు పెట్టేవాడు. తర్వాత గాటు పోయి రన్ నిలబడింది. ఇప్పుడు బంతి బౌండరీ దాటితే బ్యాటరు కాలు కదపకుండానే నాలుగు పరుగులు తీసినట్టు రాస్తాం. తెలుగు కామెంటరీ కూడా ఏ సందేహమూ లేకుండా పరుగులే అంది.

బ్యాంకుది ఇంకో తరహా పరుగు. బ్యాంకు మునిగిపోతుందన్న పుకారు లేస్తే డబ్బు దాచుకున్నవాళ్ళంతా ఒకేసారి ఎగబడతారు, ఇంగ్లీషులో దాన్నీ రన్ అంటారు. 2007 సెప్టెంబరులో నార్దర్న్ రాక్ బ్యాంకు శాఖల ముందు బారులు తీరిన జనాన్ని చూసి బ్రిటన్ బెంబేలెత్తింది. 1866 తర్వాత ఆ దేశంలో అలాంటిది అదే మొదలు. పదహారేళ్ళకు, 2023 మార్చి 9న, అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు ఖాతాదారులు ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోబోయారు. బారులు పెద్దగా కనబడలేదు. చాలామంది కుర్చీలో కూర్చుని ఫోన్ మీద వేలు కదిపారు, అంతే. మర్నాటికి బ్యాంకు మూతపడింది. మాట మాత్రం అదే ఉంది.

ఎన్నికల దగ్గర ఇంగ్లీషు రెండుగా చీలిపోయింది. అమెరికాలో అభ్యర్థి పరుగెత్తుతాడు, బ్రిటన్‌లో నిలబడతాడు. అమెరికా వాళ్ళ ‘రన్నింగ్ మేట్’ మాట గుర్రప్పందేల మైదానంలోంచి వచ్చింది. అసలు గుర్రానికి వేగం కుదర్చడానికి అదే శాలలోంచి పక్కన పరుగెత్తించే గుర్రం అది. ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసేవాళ్ళు ఈ సంగతి పట్టించుకున్నట్టు లేరు. మన దగ్గర కూడా అభ్యర్థి ‘నిలబడతాడు’. నిలబడటం సరిపోదనిపిస్తే ‘బరిలోకి దిగుతాడు’, ‘గోదాలోకి దిగుతాడు’. ఒకటి కోడిపందేల నుంచి, ఒకటి కుస్తీల నుంచి. మన రాజకీయాలు చూసినవాళ్ళు గుర్రప్పందేల కంటే ఇవే నయమంటారేమో.

పారు అనే పాత చుట్టం

రన్ మొదట్నుంచీ మనిషి కాళ్ళకే కట్టుబడిన మాట కాదు. దాని పాత రూపానికి నీళ్ళు పారడం, మనిషి పరుగెత్తడం రెండూ అర్థాలే. జర్మన్ భాషలో ఆ రెండూ విడిపోయి ‘రిన్నెన్’ అంటే కారు, పారు అని, ‘రెన్నెన్’ అంటే పరుగెత్తు అని స్థిరపడ్డాయి. ఇంగ్లీషు రెంటినీ ఒకే మాటలో మోస్తోంది.

తెలుగులోనూ అచ్చం ఇలాంటి మాట ఒకటుంది, ‘పారు’. బండిరతో ‘పాఱు’ అని రాసిన రోజుల్లో దానికి ప్రవహించడం, పరుగెత్తడం రెండూ అర్థాలు. తర్వాత ఏరు దాన్ని లాగేసుకుంది. ఇప్పుడు ‘వాడు పారుతున్నాడు’ అంటే ఎవరికీ అర్థం కాదు. కాలువ పారుతుంది, మడి పారుతుంది. కానీ దొంగ మాత్రం ఇప్పటికీ పారిపోతాడు. ఆ ఒక్క మాటలో పాత పరుగు బతికే ఉంది. ఇంకోచోట కూడా ఉంది: పాచిక పారుతుంది. శకుని కాలం నాటి పలక మీద దొర్లినా, రాజకీయ నాయకుడి ఎత్తు ఫలించినా పారేది పాచికే.

మరి రన్ చేసే మిగతా పనులన్నీ తెలుగులో ఎవరు చేస్తున్నారు? ఇక్కడే సంగతి రసవత్తరంగా ఉంటుంది. ఇంగ్లీషు పరుగెత్తే చోట తెలుగు నడుస్తుంది. బస్సు నడుస్తుంది, గడియారం నడుస్తుంది, కొట్టు నడుస్తుంది, ప్రభుత్వం నడుస్తుంది, కోర్టులో కేసు ఏళ్ళ తరబడి నడుస్తుంది. ఇల్లు నడవాలి కాబట్టి ఉద్యోగం చేస్తాం. ఏలినాటి శని నడుస్తోందని జ్యోతిష్కుడు చెబుతాడు. తెలంగాణలో ఇద్దరు దోస్తులు ఎదురుపడితే మొదటి పలకరింపే ‘ఏం నడుస్తుందిరా?’ మంచివాడికి మంచి నడవడి ఉంటుంది, చెడ్డవాడికి నడత బాగుండదు. ఈ నడక మన మాటలో ఎంత లోతుకు దిగిందంటే, గంటకు 130 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే రైలును కూడా ‘నడుపుతాం’. దీన్నిబట్టి మనం నింపాది జాతి, వాళ్ళు హడావిడి జాతి అని తేల్చెయ్యడం మాత్రం పొరపాటు. రోడ్డు మీద మన బండ్లు చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. ఏ భాషకు ఆ భాష ఏదో ఒక కదలికను పట్టుకుని మిగతా కదలికలన్నిటికీ దాన్ని సాగదీసుకుంటుంది. వాళ్ళకు పరుగు దొరికింది, మనకు నడక.

నడక ఒక్కదానితోనే సరిపోలేదు. సినిమా ‘ఆడుతుంది’, వంద రోజులు. గానుగ ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది, చేతిలో డబ్బు ఆడుతుంది. ఆటోలో మీటరు ‘తిరుగుతుంది’. పంచాయితీ ‘సాగుతుంది’. ముక్కు ‘కారుతుంది’. రంగు ‘దిగుతుంది’. ఒక్క రన్ చేసే కాపురాన్ని మనం అరడజను మాటలకు పంచాం. అందుకే ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో రన్ దగ్గర కనిపించే తెలుగు మాటల వరుస ఇంగ్లీషు రానివాడికి పనికిరాదు, వచ్చినవాడికి అక్కర్లేదు. ఏ వాక్యంలో ఏది అన్నది చెప్పకపోతే అది ఒట్టి జాబితా.

రోజెట్, అమరసింహుడు

జాబితా అనగానే పీటర్ మార్క్ రోజెట్ గుర్తొస్తాడు. 1779లో లండన్‌లో పుట్టిన వైద్యుడు. రాయల్ సొసైటీకి ఇరవై ఏళ్ళకు పైగా కార్యదర్శి. ఇంజనీర్లు వాడిన లాగ్-లాగ్ స్లైడ్ రూల్ ఆయన కనిపెట్టిందే. తిరిగే చక్రాన్ని పలకల సందుల్లోంచి చూస్తే ఆకులు వంగినట్టు ఎందుకు కనిపిస్తాయో 1824లో ఒక వ్యాసం రాశాడు. సినిమా చరిత్రకారులు ఇప్పటికీ దాన్ని ప్రస్తావిస్తారు. ఇన్ని చేసినా లోకానికి ఆయన గుర్తుండిపోయింది 1805లో సొంత వాడకానికి రాసుకోవడం మొదలుపెట్టిన ఒక మాటల పట్టిక వల్ల. 73 ఏళ్ళ వయసులో, 1852లో, దాన్ని అచ్చువేశాడు. అదే ‘థెసారస్’. మాటలను అక్షరక్రమంలో కాకుండా భావాల ప్రకారం వెయ్యి శీర్షికల కింద సర్దాడు. మాట తెలిసి అర్థం వెతికేవాడికి నిఘంటువు ఉంది. అర్థం మనసులో మెదులుతూ మాట నోటికి రానివాడికి ఆయన పుస్తకం దొరికింది. విచిత్రంగా అదే 1852లో మద్రాసులో సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది.

రోజెట్ తన పుస్తకం ముందుమాటలో, ఇలాంటి పని తనకంటే ముందు ఎవరు చేశారో చెబుతూ మొదటి పేరుగా అమరకోశాన్ని తలుచుకున్నాడు. 1808లో సీరాంపూర్‌లో అచ్చయిన కోల్‌బ్రూక్ అనువాదం ఆయనకు తెలుసు. తలుచుకుని ఊరుకోలేదు, అందులో వర్గీకరణ అస్తవ్యస్తంగా ఉందని, ముఖ్యంగా మనసుకు, నైరూప్య భావాలకు సంబంధించిన చోట్ల మరీ గందరగోళమని పెదవి విరిచాడు. అమరసింహుడి పక్షాన ఒక మాట చెప్పాలి. ఆయన గ్రంథం అసలు పేరే నామలింగానుశాసనం. నామాలు, వాటి లింగాలు చెప్పడం ఆయన ఉద్దేశం, అదీ వీధిబడి పిల్లాడు కళ్ళు మూసుకుని వల్లె వేయడానికి వీలుగా శ్లోకాల్లో. స్వర్గంతో మొదలుపెట్టి, భూమికి దిగి, చివరి కాండలో నానార్థాలు పెట్టాడు. ‘హరి’ అనే మాటకు విష్ణువు, ఇంద్రుడు, సూర్యుడు, చంద్రుడు, గాలి, యముడు, సింహం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప అన్నీ అర్థాలే. దేవుడి నుంచి కప్ప దాకా ఒకే మాట. రన్‌కు అంత ఎగుడుదిగుడు లేదు.

ఇన్ని హరుల్లో ఏది అనేది ఎలా తెలుస్తుంది? భర్తృహరి వాక్యపదీయంలో దీనికి పెద్ద పట్టికే ఉంది: పక్కన ఏ మాట ఉంది, ఏది లేదు, ఎవరితో కలిసి వచ్చింది, ఏ సందర్భం, ఏ చోటు, ఏ కాలం. శంఖచక్రాలతో ఉన్న హరి కప్ప కాలేడు. పండితులు చెప్పే పాత ఉదాహరణ ఇంకా సులువైనది. ‘సైంధవం’ అంటే ఉప్పూ, గుర్రమూ. విస్తరి ముందు కూర్చున్న యజమాని సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి నడుం కట్టుకుని అడిగితే గుర్రం తేవాలి. చీటీలు పరిచి కుప్పలు వేసిన ఆక్స్‌ఫర్డ్ సంపాదకులు చేసింది కూడా ఇదే. మాట చుట్టూ ఏమున్నాయో చూశారు.

పర్యాయపదాల విషయానికొస్తే మోసం ఇంకాస్త ఎక్కువ. ఇంగ్లీషు ‘రన్ అవే’కి తెలుగులో ఎన్ని ఉన్నాయో చూడండి. పిల్లలు తుర్రుమంటారు. పని ఎగ్గొట్టేవాడు మెల్లగా జారుకుంటాడు. చిట్టీల వ్యాపారి డబ్బుతో ఉడాయిస్తాడు, లేదా బిచాణా ఎత్తేస్తాడు. పోలీసు రికార్డులో నిందితుడు పరారీలో ఉంటాడు. యుద్ధంలో ఓడినవాడు పలాయనం చిత్తగిస్తాడు. కుక్క వెంటపడితే కాళ్ళకు బుద్ధి చెబుతాం, పిక్కబలం చూపిస్తాం. ప్రేమించుకున్న జంట లేచిపోతుంది. పరీక్షలో ఇవన్నీ పర్యాయపదాలే. జీవితంలో ఒకదాని చోట ఇంకోటి పెడితే పరువు పోతుంది. ‘మా అబ్బాయి ఆ అమ్మాయితో పరారీలో ఉన్నాడు’ అంటే పోలీసులు వస్తారు. ‘రైతు అప్పుల బాధ తట్టుకోలేక తుర్రుమన్నాడు’ అని రాసినవాడికి మనసు లేదంటారు.

ప్రాంతం మారితే ఇంకో చిక్కు. తెలంగాణలో ‘ఉరుకు’ అంటే పరుగెత్తు. ‘బస్సు కోసం ఉరికిన’ అంటారు. కోస్తాలో ఉరకడంలో ఎగిరి ముందుకు దూకడం ఎక్కువ వినిపిస్తుంది. రెండూ కలిసి ‘ఉరుకులు పరుగుల మీద’ అనే జంటలో మాత్రం రాష్ట్రాల తేడా లేకుండా తిరుగుతున్నాయి. సీమ వైపు లగెత్తుతారు. గుర్రం దౌడు తీస్తుంది.

ఈ పర్యాయపదాలను గుట్టలుగా కంఠస్థం చేసిన తరం ఒకటి మన మధ్యనే ఉంది. అమెరికా చదువుకు జీఆర్‌ఈ రాసే పిల్లలు 2011 దాకా వ్యతిరేకార్థాలూ, సారూప్యాలూ అడిగే ప్రశ్నల కోసం వేల ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టారు. బ్యారన్స్ పుస్తకంలోని పట్టిక హైదరాబాదు కోచింగ్ సెంటర్లలో చేతులు మారి మారి నలిగిపోయింది. ఆ పట్టికలో ఇంగ్లీషువాడు కూడా ఏడాదికోసారి వాడని మాటలు నిండా ఉండేవి. అంత కష్టపడి విమానం దిగినవాళ్ళకు మొదటి వారంలో అడ్డుపడింది మాత్రం ఆ అరుదైన మాటలు కావు. పాలు అయిపోయాయంటే ‘రన్ అవుట్’, ఎవరైనా తారసపడితే ‘రన్ ఇంటూ’, ఆలస్యమైతే ‘రన్నింగ్ లేట్’, ఒక ఆలోచనను పైవాళ్ళ ముందు పెట్టి చూడాలన్నా రన్నే. 2011 ఆగస్టులో పరీక్ష మారి, ఆ రెండు రకాల ప్రశ్నలూ తీసేశారు. మాటను వాక్యంలో పెట్టి అడగడం ఎక్కువైంది. పరీక్షల వాళ్ళు చేసిన కొద్ది మంచి పనుల్లో ఇదొకటి.

క్రియలకు కోశం లేదు

అమరం ప్రస్తావనలో ఒక సంగతి దాటేశాను. అందులో నామాలున్నాయి, విశేషణాలున్నాయి, అవ్యయాలు కూడా ఉన్నాయి. క్రియలు లేవు. సంస్కృతానికి ధాతుపాఠం (క్రియల మూలరూపాల పట్టిక) వేరే ఉంది కాబట్టి అది లోటు కాదు. ఆ దారిలోనే తెలుగులో పద్యరూప కోశాలు వచ్చాయి: పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం, దానికి కొనసాగింపుగా అడిదము సూరకవి ఆంధ్రనామశేషం, కస్తూరి రంగకవి సాంబనిఘంటువు. మొదటి రెండింటి పేర్లలోనే నామం ఉంది. అవీ ప్రధానంగా నామాలే చెప్పాయి. బడి పుస్తకం వెనక పేజీల్లో నానార్థాలు, పర్యాయపదాలు అని ఉండే భాగం కూడా ఎక్కువగా కరం, ఫలం, గుణం, హరిలతోనే నిండుతుంది. తెలుగు క్రియలకు మాత్రం అంత పేరున్న ధాతుపాఠం తోడు లేదు. కదిలే మాటలన్నీ అలా బయటే ఉండిపోయాయి.

1885లో బహుజనపల్లి సీతారామాచార్యులు శబ్దరత్నాకరం తెచ్చారు. పిఠాపురం సంస్థానం ఆదరణతో, జయంతి రామయ్య పంతులు పూనికతో మొదలైన సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం 1936లో వెలువడింది. గొప్ప పనులు. అయితే వాటికి ప్రమాణం కావ్యప్రయోగం. కవి వాడితే చీటీ పుడుతుంది, కమ్మరి వాడితే పుట్టదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం ఆ గోడను బద్దలుకొట్టింది. రైతు, నేతగాడు నోటితో అన్న మాట కాగితం మీదికి ఎక్కింది. రన్‌కు 645 రావడానికి కారణం షేక్స్‌పియర్ ఒక్కడే కాదు. రైల్వే వాడు, బ్యాంకు వాడు, జూదగాడు, పత్రికలవాడు అన్న ముక్కలకు కూడా అక్కడ చీటీలు పుట్టాయి.

మన దగ్గర రన్‌కు పోటీగా ఎవరిని దింపాలి? నా ఓటు ‘కొట్టు’కి. చప్పట్లు కొడతాం, కొబ్బరికాయ కొడతాం, గోడకు సున్నం కొడతాం, పంపు కొడతాం, ఫోన్ కొడతాం, బండికి పెట్రోలు కొట్టిస్తాం. కన్ను కొట్టేవాడొకడు, డబ్బా కొట్టుకునేవాడొకడు, కాకా కొట్టేవాడొకడు. పర్సు కొట్టేస్తారు, జాబితాలో పేరు కొట్టేస్తారు, కోర్టు పిటిషన్ కొట్టేస్తుంది. ఎండ కొడుతుంది, వాసన కొడుతుంది, ఉపన్యాసం బోరు కొడుతుంది. పైరుకు మందు కొట్టేవాడు రైతు, సాయంత్రం మందు కొట్టేవాడు ఇంకొకడు. పక్కనే ‘పడు’ కూడా కాచుకుని ఉంది: వాన పడుతుంది, పేరు పడుతుంది, ఓట్లు పడతాయి, నెల మొదటి తారీకున జీతం పడుతుంది.

వీటికి ఎవరైనా బల్ల మీద చీటీలు పరిస్తే చిక్కులు మొదలవుతాయి. సరుకులమ్మే కొట్టు ఈ కొట్టేనా, వేరే ఆరోపమా? అది వేరే. పెట్రోలు కొట్టించడం చేతిపంపు రోజుల నుంచి వచ్చిందా, సైకిలుకు గాలి కొట్టడం నుంచి వచ్చిందా? పర్సు కొట్టెయ్యడం, పేరు కొట్టెయ్యడం ఒకే కుప్పలో వెయ్యొచ్చా? ఒకదానిలో వస్తువు మాయమైంది, ఇంకోదానిలో గీత పడింది. మాదాపూర్ ఆఫీసులో ఒక కుర్రాడు పక్క సీటు వాడితో ‘కోడ్ మార్చాను, ఒకసారి రన్ కొట్టు’ అంటాడు. ఈ చీటీని ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పెట్టెలో వెయ్యడం కుదరదు. తెలుగు పెట్టెలో ‘కొట్టు’ కింద వెయ్యాలి, ‘ఎంటర్ కొట్టు’ పక్కన, ‘హారన్ కొట్టు’కి కాస్త దిగువన.